టిప్పర్లు, జేసీబీలు, ఎక్స్‌కవేటర్ల సర్వీసు: కంపెనీ కాంట్రాక్టా, ఆటోనగరా, సొంత షెడ్డా?

హైదరాబాద్‌లో నాలుగైదు టిప్పర్లు, రెండు జేసీబీలు, ఒక 20 టన్నుల ఎక్స్‌కవేటర్ నడిపే ప్రతి యజమానికీ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న ఎదురవుతుంది. సర్వీసు కంపెనీ వాళ్లకే అప్పగించాలా, ఆటోనగర్‌లో తెలిసిన గ్యారేజీకి పంపాలా, జీతమిచ్చి సొంత మెకానిక్‌ని పెట్టుకోవాలా? మూడింటిలో ఒకటి పట్టుకుని బండ్లన్నీ దానికే కట్టేసినప్పుడే ఎక్కువ డబ్బు పోతుంది. ఏ పనికి ఆ చోటు విడిగా తేల్చుకోవాలి. ఒకే టిప్పర్‌కి కమాను పట్టీ విరిగితే ఆటోనగర్ మేలు. అదే బండికి డ్యాష్‌బోర్డు మీద డీఈఎఫ్ (పొగని శుభ్రం చేయడానికి పోసే యూరియా ద్రవం) లైటు వెలిగి పికప్ తగ్గితే కంపెనీ మేలు. పొద్దున్నే ఎయిర్ ట్యాంకులో నీళ్లు వదలడానికి మీ డ్రైవర్ చాలు.

మన ఊరి పరిస్థితి కూడా లెక్కలోకి రావాలి. కోకాపేట, నార్సింగి, గచ్చిబౌలి వైపు సెల్లార్ తవ్వాలంటే పైన రెండు మూడు అడుగుల మొరం, కింద గ్రానైటు. అంటే మెషిన్ బకెట్‌తో కన్నా బ్రేకర్‌తో (రాయి పగలగొట్టే హైడ్రాలిక్ సుత్తి) ఎక్కువ గంటలు నడుస్తుంది. ఆ దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది, ఇంజను లోపలి ఇనుముని అది సులువుగా గీకేస్తుంది. పగలు నగరం లోపలికి భారీ వాహనాలకి ఆంక్షలు ఉన్నాయి కాబట్టి చాలా టిప్పర్లు రాత్రుళ్లు తిరిగి పగలు నిలబడతాయి. బోరు నీళ్లు గట్టివి, రేడియేటర్‌లో పోస్తే తెల్లగా పేరుకుపోతాయి. ఏప్రిల్, మేలలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. బెంగళూరులోనో చెన్నైలోనో సరిపోయిన సర్వీసు పద్ధతిని తెచ్చి ఇక్కడ అలాగే పెడితే కుదరకపోవడానికి కారణాలు ఇవే.

ముందు నిలబడిన గంట ఖరీదు తేల్చుకోండి

సర్వీసు బిల్లులు పక్కపక్కన పెట్టి పోలిస్తే తప్పుడు జవాబు వస్తుంది. బండి నిలబడిన గంట ఖరీదు తెలియాలి. లెక్క కోసం ఒక జేసీబీ గంటకి 1,200 రూపాయల కిరాయి తెస్తోందని, రోజుకి ఎనిమిది గంటలు నడుస్తుందని అనుకుందాం. రోజు నిలబడితే 9,600. దాని మీద ఆపరేటర్ బత్తా, సైటులో ఖాళీగా నిలబడే టిప్పర్లు అదనం. 500 గంటల సర్వీసులో బయట చేయించుకుని 4,000 మిగిల్చుకున్నా, నాసిరకం డీజిల్ ఫిల్టర్ వల్ల ఒక్క పూట మెషిన్ ఆగితే ఆ మిగులు అక్కడే పోయింది.

ఎక్స్‌కవేటర్ విషయంలో ఇది ఇంకా ఎక్కువ. ఒక మెషిన్ కింద నాలుగు టిప్పర్లు లోడు కోసం వరసలో ఉంటే, ఆ మెషిన్ ఆగితే అయిదు బండ్లు ఆగినట్టు. అందుకే లోడింగు మెషిన్‌కి ఖరీదైన సర్వీసు, టిప్పర్‌కి చవక సర్వీసు పెట్టుకున్నా తప్పు లేదు. ఒక టిప్పర్ ఆగితే మిగతా మూడూ తిరుగుతూనే ఉంటాయి.

కంపెనీ సర్వీసు, ఏఎంసీ

వారంటీలో ఉన్న బండికి ఇక వేరే ఆలోచన అక్కర్లేదు, కంపెనీకే ఇవ్వండి. సర్వీసు గంటలు దాటినా, బయటి ఫిల్టర్ కనిపించినా, పంపు లాంటి పెద్ద క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకి అది చాలు. గంటల మీటరు ఫోటో, జాబ్ కార్డు, ఫిల్టర్ల బిల్లు ఈ మూడూ ప్రతి సర్వీసుకీ మీ దగ్గర ఒక ఫైల్లో ఉండాలి. డీలర్ దగ్గర ఉన్నాయిలే అనుకోవద్దు.

వారంటీ అయ్యాక ఏఎంసీ (ఏడాది నిర్వహణ కాంట్రాక్టు) తీసుకోవాలా అన్నది కాంట్రాక్టు కాగితం చదివితే తెలుస్తుంది. ఏఎంసీ అన్న పేరు ఒకటే, లోపల రకాలు వేరు. ఒక రకంలో మెకానిక్ రాక, కూలి మాత్రమే ఉంటాయి, ఆయిల్, ఫిల్టర్లు మీవి. రెండో రకంలో నిర్ణీత సర్వీసుల ఆయిల్, ఫిల్టర్లు కలిసే ఉంటాయి. మూడో రకంలో రిపేర్లు కూడా వాళ్లవే, గంటకి ఇంత లేదా కిలోమీటరుకి ఇంత అని కడతారు. ఏ రకంలోనైనా అరిగే సామాను దాదాపు ఎప్పుడూ బయటే ఉంటుంది: బకెట్ పళ్లు, పిన్నులు, బుష్‌లు, హోస్ పైపులు, క్లచ్ ప్లేటు, బ్రేకు లైనర్లు, టైర్లు, ట్రాక్ సామాను. గ్రానైటులో బ్రేకర్ కొట్టే మెషిన్‌కి అసలు ఖర్చంతా ఈ బయటి జాబితాలోనే ఉంటుంది. అలాంటి మెషిన్‌కి అన్నీ కలిసిన పెద్ద ఏఎంసీ తీసుకుంటే, కట్టిన డబ్బులో చాలా భాగం మీకు అవసరమే పడని రిపేర్లకి పోతుంది.

సంతకం పెట్టేముందు నాలుగు మాటలు రాతలో అడగండి. ఫోన్ చేశాక ఎన్ని గంటల్లో మెకానిక్ సైటుకి వస్తాడు, రాకపోతే ఏమిటి? ఓఆర్ఆర్ దాటిన సైటుకి కిలోమీటర్ల చార్జీ ఉందా? ఆదివారం, రాత్రి వస్తారా? బ్రేకర్ గంటలకి సర్వీసు వ్యవధి వేరుగా లెక్కిస్తారా, ఆ అదనపు ఫిల్టర్ల ఖర్చు ఎవరిది? ఈ నాలుగో ప్రశ్నకి సూటిగా జవాబు రాకపోతే ఆ కాంట్రాక్టు మీ పనికి తయారైంది కాదు.

కంపెనీ వాళ్ల దగ్గర ఉండి బయట దొరకనిది ముఖ్యంగా సాఫ్ట్‌వేర్. కంట్రోల్ యూనిట్‌లో లోపం కోడ్ చదవడం చవక స్కానర్‌తో కూడా అవుతుంది. ఇంజెక్టర్ మార్చాక దాని కోడ్ ఎక్కించడం, డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) చేరిన మసిని బలవంతంగా కాల్పించడం, పంపు టార్కు సరిచేయడం లాంటివి కంపెనీ సాధనం లేకుండా కుదరడం కష్టం. వైరింగు వెతుకులాటకి కూడా వాళ్ల సర్క్యూట్ డయాగ్రామే దిక్కు.

ఆటోనగర్, బయటి మెకానిక్‌లు

ఎల్బీనగర్ దాటి విజయవాడ హైవే మీద ఉన్న ఆటోనగర్‌లో లారీ పనికి కావలసిన చేతులన్నీ ఒక చోటే దొరుకుతాయి: కమాను పట్టీల వాళ్లు, క్రౌన్, గేర్ బాక్సు పనివాళ్లు, బాడీ వెల్డింగ్, లేత్, బ్యాటరీ, రేడియేటర్. సామాను కోసం రాణిగంజ్ ఉండనే ఉంది. పాత టిప్పర్‌కి, అంటే బీఎస్-4 కాలుష్య ప్రమాణం, అంతకన్నా ముందు బండికి, మెకానికల్ పనిలో ఆటోనగర్‌ని మించింది లేదని మా గట్టి అభిప్రాయం. ఒకే పనిని ఎన్నోసార్లు చేసిన చేతులు అవి. క్లచ్, కింగ్‌పిన్, యూ బోల్టులు, బ్రేకు డ్రమ్ము, టిప్పింగ్ సిలిండర్ సీళ్లు, క్యాబిన్ మౌంటింగులు, ఇవన్నీ అక్కడే చేయించండి.

గ్యారేజీ మంచిదా కాదా అన్నది బోర్డు చూసి తెలియదు, పనిముట్లు చూస్తే తెలుస్తుంది. టార్కు రెంచి ఉందా? భారీ ట్రక్కు చక్రం నట్టు బిగువు బండిని బట్టి సుమారు 550 నుంచి 700 న్యూటన్ మీటర్ల దాకా ఉంటుంది. పైపు పెట్టి ఎక్కి తొక్కితే ఒక నట్టు 400 దగ్గర, పక్క నట్టు 900 దగ్గర ఆగుతుంది. స్టడ్లు విరగడానికి అదే మొదలు. చక్రం విప్పి బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగువు చూడమని మీకు చెప్పే గ్యారేజీ అయితే దాన్ని వదలొద్దు. హబ్ బేరింగ్‌ని కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, కొత్త గ్రీజు రోలర్ల మధ్యకి దిగేలా నింపుతున్నారా, లేక పాత గ్రీజు మీదే కొత్తది పులుముతున్నారా అన్నది నిలబడి చూడండి.

పాత సామాను అంతా మీ బండిలోనే వెనక్కి రావాలన్న షరతు మొదటి రోజే పెట్టండి. ఫిల్టర్లు, లైనర్లు, సీళ్లు అన్నీ. ఆయిల్ డబ్బా సీలు మీ మనిషి ముందే తీయాలి. గ్యారేజీ వాళ్లని అనుమానించినట్టు దీన్ని చూడక్కర్లేదు. పాత ఫిల్టర్ చేతికొస్తే దాన్ని కోసి చూడొచ్చు, ఆ సంగతి కింద చెప్తాం.

బయటి మెకానిక్‌ల దగ్గర అసలు జాగ్రత్త పడాల్సింది హైడ్రాలిక్ పని దగ్గర. సిలిండర్ సీళ్లు మార్చడం వరకు సరే. పంపు, వాల్వ్ బ్యాంకు, స్వింగ్ మోటారు విప్పే చోట దుమ్ము లేని గది, పంపుని లోడు మీద నడిపి చూసే టెస్ట్ బెంచి, కనీసం 400 బార్ దాకా చూపే ప్రెషర్ గేజీలు ఉండాలి. ఆరుబయట, గోనె పట్టా మీద పంపు విప్పేవాడు ఎంత పనిమంతుడైనా ఇవ్వకండి.

సొంత షెడ్డు ఎప్పుడు గిట్టుబాటు

ఒక ఉదాహరణ లెక్క: మెకానిక్ జీతం 28,000, హెల్పర్ 16,000, షెడ్డు అద్దె, కరెంటు, పనిముట్ల తరుగుదల కలిపి 16,000 అనుకోండి. నెలకి 60,000. మీ సొంత అంకెలు ఇలాగే వేసి, పోయిన ఆరు నెలల్లో బయట కట్టిన కూలి, రాకపోకల ఖర్చు ఒక పక్క రాయండి. సామాను ఖర్చు కలపొద్దు, అది ఎక్కడైనా ఉండేదే. దానికి చిన్న రిపేర్ల కోసం మెకానిక్ వచ్చేదాకా బండ్లు ఎదురు చూసిన గంటల ఖరీదు కలపండి. ఆ మొత్తం నెలకి 60,000 దాటుతుంటే షెడ్డు నిలబడుతుంది. మామూలుగా ఏడెనిమిది బండ్లకి లోపు ఉన్నవాళ్లకి ఇది దాటదు. కానీ గ్రీజు, ఫిల్టర్లు, చిన్న లీకులు చూసే ఒక్క మంచి హెల్పర్ మూడు మెషిన్లున్నా అవసరమే.

రాత్రి తిరిగే టిప్పర్లున్న వాళ్లకి షెడ్డు ఇంకొంత ముందే గిట్టుతుంది. బండి పగలంతా ఊరికే నిలబడుతుంది కాబట్టి ఆ గంటల్లో చేసిన సర్వీసుకి ట్రిప్పు నష్టం ఉండదు.

షెడ్డు పెడితే కొనాల్సినవి ఇవి: బకెట్ గ్రీజు పంపు, 20 టన్నుల జాకీలు, వాటితో పాటు గట్టి స్టాండ్లు, పెద్ద టార్కు రెంచి, మల్టీమీటర్, కూలెంటు, డీఈఎఫ్ రెండూ కొలిచే రిఫ్రాక్టోమీటర్, హైడ్రాలిక్ గేజీల కిట్టు, ఆయిల్ శాంపిల్ తీసే చిన్న చేతి పంపు, ఖాళీ సీసాలు. టిప్పర్ బాడీ లేపి కింద పని చేసేటప్పుడు సిలిండర్‌ని నమ్మకుండా ఇనుప ఆనుకర్ర పెట్టే అలవాటు మొదటి రోజే నేర్పండి. హైడ్రాలిక్ పైపులో సన్నని లీకు ఎక్కడుందో వేలితో తడిమి వెతకనివ్వద్దు. సూదంత రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మం లోపలికి దూరుతుంది, పైకి చిన్న చుక్కలా కనిపించినా ఆపరేషన్ దాకా వెళ్తుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

ఏ పని ఎక్కడ: బ్రేకర్, హైడ్రాలిక్స్

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. హైదరాబాద్‌లో ఎక్స్‌కవేటర్ల డబ్బు ఎక్కువగా ఇక్కడే కరిగిపోతుంది.

బకెట్‌తో మట్టి తీసే మెషిన్‌కి రాసిన ఫిల్టర్, హైడ్రాలిక్ ఆయిల్ గంటలు బ్రేకర్ మెషిన్‌కి వర్తించవు. బ్రేకర్ కొట్టే ప్రతి దెబ్బకీ ఆయిల్‌లో ఒత్తిడి ఎగిసిపడుతుంది, వేడి పెరుగుతుంది, ఉలి పక్కనుంచి రాతి పొడి లోపలికి దిగుతుంది. అందుకే తయారీదారుల మాన్యువల్‌లో బ్రేకర్ వాడకం శాతాన్ని బట్టి వేరే పట్టిక ఉంటుంది, పూర్తిగా బ్రేకర్ మీదే నడిస్తే వ్యవధి సగానికన్నా చాలా కిందికి పడిపోతుంది. ఆ పట్టిక ఫోటో తీసి క్యాబిన్‌లో అంటించండి. సర్వీసు చేసేది ఎవరైనా ఆ పట్టిక ప్రకారమే చేయాలి.

రోజువారీ పని ఆపరేటర్‌దే. ఉలికి దాదాపు రెండు గంటలకోసారి, బ్రేకర్‌ని నిటారుగా నిలబెట్టి ఉలి పూర్తిగా లోపలికి నొక్కుకునేలా చేసి, ఉలి పేస్టు కొట్టాలి. ఉలి వేలాడుతుండగా కొడితే గ్రీజు పిస్టన్ గదిలోకి పోయి సీళ్లని చీలుస్తుంది. ఒకే చోట అర నిమిషం దాటి కొట్టినా రాయి పగలకపోతే చోటు మార్చాలి, లేకపోతే ఉలి కొన కాలి మెత్తబడుతుంది. బ్రేకర్ విప్పి బకెట్ పెట్టేటప్పుడు పైపు మూతులకి డమ్మీలు బిగించాలి. గుడ్డ కుక్కడం పనికిరాదు, దాని పోగులే వాల్వులో ఇరుక్కుంటాయి. నైట్రోజన్ గ్యాసు నింపడం, సీళ్లు మార్చడం మాత్రం బ్రేకర్ పనే చేసే షాపులో చేయించండి, జేసీబీ మెకానిక్‌కి ఇవ్వకండి.

హోస్ పైపు తెగితే రాణిగంజ్‌లో అరగంటలో కొత్తది నొక్కి ఇస్తారు. సౌకర్యమే, కానీ ఏ పైపు ఇస్తున్నారో చూడండి. 20 టన్నుల వర్గం ఎక్స్‌కవేటర్ ప్రధాన ఒత్తిడి సుమారు 340 నుంచి 350 బార్. రెండు వరసల తీగ అల్లిన అరంగుళం పైపు నడిచే ఒత్తిడి 275 బార్, ముప్పావు అంగుళానిది 215 మాత్రమే. అది రిటర్ను, పైలట్ లైన్లకి సరే. బూమ్, ఆర్మ్ లైన్లకి నాలుగు వరసల స్పైరల్ పైపే వేయాలి. పైకి రెండూ నల్లగా ఒకేలా కనిపిస్తాయి. పాత పైపు కోసిన చివర చూసి వరసలు లెక్కపెట్టండి. నొక్కాక లోపల గాలి కొట్టి రబ్బరు తురుము, ఇనుప పొడి బయటికి పంపకుండా బిగించనివ్వద్దు.

సిలిండర్ లీకైతే అందరూ సీల్ కిట్ మార్చేస్తారు, నెల తిరక్కుండా మళ్లీ కారుతుంది. సీలు కొనేముందు రాడ్డుని తుడిచి, గోటిని నిలువుగా పెట్టి మెల్లగా చుట్టూ జరపండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆ గుంట కొత్త సీలుని కూడా కోసేస్తుంది. ముందు రాడ్డుకి క్రోమ్ పూత వేయించాలి, వంకర ఉందేమో లేత్ మీద తిప్పించి చూడాలి.

ఇక పంపు పోయిన సందర్భం. రిటర్ను ఫిల్టర్‌ని బ్లేడుతో కోసి కాగితం మడతలు విప్పి ఎండలో పట్టుకోండి. ఇత్తడి రంగు మెరుపు కనిపిస్తే పంపు లేదా మోటారు లోపలి భాగాలు అరుగుతున్నాయి. అయస్కాంతానికి అంటుకుంటే అవి ఇనుప ముక్కలు, రబ్బరు నల్లముక్కలైతే సిలిండర్ సీళ్లు. ఇత్తడి కనిపించిన రోజే మెషిన్ ఆపి టెస్ట్ బెంచి ఉన్న చోటికి వెళ్తే పంపు రిపేరుతో బయటపడొచ్చు. ముక్కలయ్యేదాకా నడిపితే ఆ పొడి కూలర్, వాల్వులు, మోటార్లు అన్నింటికీ పాకుతుంది. అప్పుడు పంపు ఒక్కటే మార్చి బిగిస్తే కొత్త పంపుని ఆ పాత పొడే తినేస్తుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది. ట్యాంకు కడగడం, సక్షన్ జాలీ, కూలర్, లైన్లు శుభ్రం చేయడం, ఆయిల్ మొత్తం మార్చడం, 10 గంటలకి, 50 గంటలకి మళ్లీ ఫిల్టర్లు మార్చడం, ఇవన్నీ కొటేషన్‌లో రాసి ఇచ్చే షాపుకే పంపు పని ఇవ్వండి. రాయని షాపు రేటు తక్కువగా కనిపిస్తుంది, దాంతో పోల్చొద్దు.

బీఎస్-6 టిప్పర్లు, కొత్త మెషిన్లు

2020 ఏప్రిల్ నుంచి ట్రక్కులకి బీఎస్-6, 2021 ఏప్రిల్ నుంచి చక్రాల నిర్మాణ యంత్రాలకి నాలుగో దశ నిబంధనలు వచ్చాయి. ఈ తేదీల తర్వాతి బండికి పాత అలవాట్లు పనికిరావు. డీపీఎఫ్ ఉన్న ఇంజనులో సీఐ-4 ఆయిల్ పోస్తే దాని బూడిద ఫిల్టర్‌లో పేరుకుంటుంది, ఆ బూడిద ఎంత కాల్చినా పోదు. కంపెనీ చెప్పిన సీకే-4 లేదా దానికి సమానమైన తక్కువ బూడిద ఆయిలే పోయాలి. షెడ్డులో పాత, కొత్త బండ్లు రెండూ ఉంటే సీకే-4 ఒక్కటే నిల్వ పెట్టడం మేలు. చాలా పాత ఇంజన్లకీ అది సరిపోతుంది, మాన్యువల్ చూసుకోండి. బ్యారెల్ రేటు కొంచెం ఎక్కువైనా పొరపాటుకి చోటు ఉండదు.

సైటు ట్రాఫిక్‌లో నిదానంగా పాకే టిప్పర్‌కి, ఏసీ కోసం గంటలు గంటలు ఇంజను వదిలేసే బండికి పొగగొట్టం వేడెక్కదు, మసి కాలదు. డీపీఎఫ్ లైటు వెలిగిన వెంటనే బండి పక్కన ఆపి, దగ్గర్లో ఎండుగడ్డి, చెత్త లేకుండా చూసి, నిలబెట్టి ఆ మసిని కాల్పించాలి. డ్రైవర్ దాన్ని మూడు నాలుగు సార్లు ఆపేస్తూ పోతే చివరికి కంపెనీ సాధనంతోనే పని పడుతుంది. సెన్సర్‌ని మోసం చేసే డబ్బా పెట్టి డీఈఎఫ్ అక్కర్లేకుండా చేస్తామని ఎవరైనా వస్తే పంపించేయండి. అది చట్టవిరుద్ధం, వారంటీ పోతుంది, ఫిట్‌నెస్ దగ్గర ఇరుక్కుంటారు. పైగా ఆ వ్యవస్థని మళ్లీ సరిచేయించడానికి చెల్లించేది డీఈఎఫ్ మీద మిగిల్చిన దానికన్నా ఎక్కువ.

డీఈఎఫ్‌లో యూరియా 32.5 శాతం ఉండాలి. రిఫ్రాక్టోమీటర్ మీద ఒక చుక్క వేస్తే క్షణంలో తెలుస్తుంది. నిల్వ చోటు 30 డిగ్రీలు దాటకపోతే ఏడాది, 35 దాకా ఉంటే ఆరు నెలలు నిలుస్తుంది. రేకుల షెడ్డులో మే నెలలో అంతకన్నా వేడి ఉంటుంది కాబట్టి ఎండాకాలంలో నెల వాడకానికి మించి కొనకండి. డీజిల్ కొలిచిన గరాటుతో డీఈఎఫ్ పోయనివ్వకండి, కొంచెం డీజిల్ తగిలినా ట్యాంకు, పంపు, సీళ్లు అన్నీ మార్చాల్సి వస్తుంది.

డీజిల్ విషయం కూడా ఇంతే. కామన్ రైలు ఇంజెక్టర్లు 1,600 బార్, అంతకు పైన పని చేస్తాయి, లోపలి సందులు మైక్రాన్లలో ఉంటాయి. బ్యారెల్‌తో సైటుకి డీజిల్ తెచ్చుకుంటే అడుగు పావు భాగం తోడొద్దు, పంపుకి ఫిల్టర్ పెట్టండి, నీటి సెపరేటర్ రోజూ పొద్దున్న ఇంజను వేయకముందే వదలండి. డీజిల్ ఫిల్టర్ మాత్రం ఏ వయసు బండికైనా అసలుదే.

అసలు సామాను, అదే తయారీదారు డబ్బా, లోకల్

మూడు రకాలు ఉంటాయి. కంపెనీ డబ్బాలో వచ్చేది ఒకటి. కంపెనీకి సరఫరా చేసేవాళ్లే తమ సొంత డబ్బాలో అమ్మేది రెండోది. మూడోది లోకల్. రెండో రకంలోనే ఎక్కువ పొదుపు ఉంది: బేరింగ్‌లకి ఎస్‌కేఎఫ్, టిమ్కెన్, ఎన్‌బీసీ, క్లచ్‌కి వాలియో, సెట్కో, ఫిల్టర్లకి ఫ్లీట్‌గార్డ్, బాష్ లాంటివి. మీ బండికి ఏ తయారీదారు సామాను వచ్చిందో పాతది విప్పినప్పుడు దాని మీద చెక్కిన పేరు, నంబరు రాసుకోండి. బిల్లు ఇవ్వని చోట ఈ పేర్లున్న డబ్బా కొనొద్దు, బేరింగ్‌లలో నకిలీలు చాలా ఎక్కువ.

బకెట్ పళ్లు, కట్టింగు ఎడ్జి, క్యాబిన్ అద్దాలు, మడ్‌గార్డులు, లైట్లు లోకల్‌వి వేసినా నష్టం లేదు. పిన్నుల్లో జాగ్రత్త. మంచి పిన్ను పైపొర గట్టిపడేలా కాల్చి ఉంటుంది, ఆకురాయి పెడితే జారిపోతుంది. ఆకురాయి కొరికితే అది మామూలు కడ్డీ, కొన్ని వారాల్లో బుష్‌తో పాటు బకెట్ బాస్‌ని (పిన్ను కూర్చునే రంధ్రం) కూడా తినేస్తుంది. ఆ బాస్‌కి లైన్ బోరింగు పడితే పిన్ను మీద మిగిల్చిందానికి ఎన్నో రెట్లు పోతుంది.

ఎయిర్ ఫిల్టర్ లోకల్ ఎప్పుడూ వద్దు. దాన్ని టైరుకేసి బాదడం, కంప్రెసర్ మూతి దగ్గరపెట్టి బయటినుంచి ఊదడం మన సైట్లలో రోజూ కనిపిస్తుంది. కాగితానికి కంటికి కనిపించని చిల్లులు పడతాయి. మాన్యువల్ ఒప్పుకుంటేనే, రెండు బార్లు మించని గాలితో, లోపలి నుంచి బయటికి ఊదాలి. లోపలి చిన్న ఫిల్టర్‌ని అసలు శుభ్రం చేయకూడదు, మార్చడమే. సూచిక ఎర్రబడేదాకా మూత తెరవొద్దు, తెరిచిన ప్రతిసారీ కొంత దుమ్ము లోపలికి రాలుతుంది.

ఆయిల్ శాంపిల్ పరీక్షకి ఇచ్చే అలవాటు మన దగ్గర తక్కువ. కంపెనీ, ఆటోనగర్, సొంత షెడ్డు, వీటిలో ఏది పాటించినా, ఇది మాత్రం పెట్టుకోండి. ఇంజను వేడిగా ఉండగా, కొత్త గొట్టంతో, డిప్‌స్టిక్ దారిలోంచి తీసిన నమూనా చాలు. సిలికాన్, అల్యూమినియం కలిసి పెరిగితే ఎయిర్ ఫిల్టర్ దారిలో దుమ్ము పోతోంది. సోడియం పెరిగితే కూలెంటు ఆయిల్‌లో కలుస్తోంది. చిక్కదనం తగ్గితే డీజిల్ కలుస్తోంది. రాగి పెరిగితే బేరింగ్‌లు లేదా ఆయిల్ కూలర్ చూడాలి. ఒక్క రిపోర్టు కన్నా వరుసగా మూడు రిపోర్టుల్లో పోకడ ముఖ్యం. ఏఎంసీ వాళ్లూ, గ్యారేజీ వాళ్లూ పని సరిగ్గా చేస్తున్నారో లేదో తేల్చడానికి ఇంతకన్నా నమ్మకమైన సాక్ష్యం లేదు.

ట్రాక్, టైర్లు, మిక్సర్లు

ట్రాక్ మెషిన్ నిర్వహణ ఖర్చులో దాదాపు సగం అండర్‌క్యారేజిదే (చైను, రోలర్లు, స్ప్రాకెట్ల కింది భాగం) అవుతుందని తయారీదారులే చెబుతారు. రాతి నేలలో ట్రాక్ మరీ బిగువుగా ఉంటే పిన్ను, బుష్ త్వరగా పోతాయి. వారానికోసారి కొలిపించండి. వదులు చేసేటప్పుడు గ్రీజు వాల్వుని ఒక చుట్టు మించి తిప్పొద్దు, ముఖం దానికి ఎదురుగా పెట్టొద్దు, లోపలి ఒత్తిడికి అది తూటాలా వస్తుంది. 20 టన్నుల వర్గంలో కొత్త చైను పిచ్ సుమారు 190 మిల్లీమీటర్లు, నాలుగు లింకులకి 760. కొలత 775 దగ్గరికి వస్తే కొత్త చైను, స్ప్రాకెట్ రెండూ కలిపి కొటేషన్ తీసుకోండి. పాత స్ప్రాకెట్ మీద కొత్త చైను ఎక్కిస్తే రెండూ త్వరగా పోతాయి.

టైర్లలో నియమం చిన్నది: ముందు ఇరుసుకి కొత్తవే, వెనక జతలకి కేసింగ్ (పాత టైరు ఒళ్లు) బాగుంటే చల్లటి పద్ధతిలో రీట్రెడ్, అంటే దాని మీదే కొత్త పైపొర. జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో ప్రతి ట్రిప్పుకీ చూడకపోతే ఏ రీట్రెడ్ అయినా వృథా.

ట్రాన్సిట్ మిక్సర్లకి కిలోమీటర్లు నమ్మొద్దు. బండి నిలబడినా డ్రమ్ము కోసం ఇంజను తిరుగుతూనే ఉంటుంది. బండి వివరాలు ఫోనుకి పంపే టెలిమాటిక్స్‌లో ఇంజను గంటలు కనిపిస్తాయి: టాటా ఫ్లీట్ ఎడ్జ్, లేలాండ్ ఐ-అలర్ట్, జేసీబీ లైవ్‌లింక్, కొమాట్సు కామ్‌ట్రాక్స్ లాంటివి. నెల కిలోమీటర్లని ఇంజను గంటలతో భాగించండి. గంటకి 15 లోపు వస్తే ఆ బండికి ఆయిల్ మార్పు గంటల లెక్కనే పెట్టాలి.

మా ఎంపిక, బండ్ల సంఖ్యని బట్టి

ఒకటి రెండు మెషిన్లుంటే: వారంటీ ఉన్నంతకాలం కంపెనీ, తర్వాత ఆయిల్, ఫిల్టర్లతో కూడిన చిన్న ఏఎంసీ, మిగతావి తెలిసిన మెకానిక్‌తో. మూడు నుంచి ఏడు ఉంటే ఒక హెల్పర్‌ని పెట్టి గ్రీజు, ఫిల్టర్లు, హోస్ పైపులు మీవే చేసుకోండి. టిప్పర్లు ఆటోనగర్‌కి, ఎలక్ట్రానిక్స్, పంపు కంపెనీకి లేదా టెస్ట్ బెంచి ఉన్న షాపుకి. ఎనిమిది దాటితే సొంత షెడ్డు. కానీ అప్పుడు కూడా లోడింగు ఎక్స్‌కవేటర్‌కి కంపెనీతో పిలిచిన వెంటనే వచ్చే కాంట్రాక్టు ఒకటి ఉంచుకోండి.

కొత్త గ్యారేజీనో, కొత్త ఏఎంసీనో పరీక్షించాలంటే అన్ని బండ్లూ ఒకేసారి ఇవ్వకండి. ఒకే వయసున్న రెండు టిప్పర్లు తీసుకుని ఒకటి పాత చోట, ఒకటి కొత్త చోట రెండు సర్వీసుల పాటు నడపండి. నిలబడిన గంటలు, తిరిగొచ్చిన ఫిర్యాదులు, ఆయిల్ రిపోర్టులు, మొత్తం ఖర్చు ఒకే పుస్తకంలో రాయించండి. ఫిట్‌నెస్ తేదీ కూడా అదే పుస్తకంలో ఉండాలి: ఎనిమిదేళ్ల లోపు వాణిజ్య వాహనానికి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. ఆ తేదీకి నెల ముందే బ్రేకులు, స్టీరింగు, లైట్లు, పొగ పరీక్ష చూపించే పని ఏ గ్యారేజీకి అప్పగించారో పేరు పక్కనే రాసి పెట్టండి.